బొంగురంతా కుడికాలి కింద

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం పాత ఎలక్ట్రిక్ ఆర్గన్ల ముచ్చట. 30 ఏళ్లుగా హామండ్ కంపెనీ ఆర్గన్లు వాయిస్తూ, బాగుచేస్తూ ఉన్న మాస్టారు గారు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ తీసుకుందాం. హలో, చెప్పండి.

శ్రోత: నమస్కారం మాస్టారూ. నా దగ్గర హామండ్ బీ-3 ఆర్గన్ ఉందండీ, లోపల గిరగిర తిరుగుతూ శబ్దాన్ని ఊపే లెస్లీ 122 స్పీకర్‌తో. పాత రికార్డుల్లో వినిపించే ఆ నిండైన బొంగురు గొంతు ఎంత ప్రయత్నించినా రావట్లేదు. శుభ్రంగా, పల్చగా పలుకుతోంది. గిటార్ వాళ్లు గొంతు బొంగురు చెయ్యడానికి వాడే ఓవర్‌డ్రైవ్ పెడల్ ఒకటి కొని మధ్యలో పెడదామా అని...

మాస్టారు: వద్దు బాబూ, ఆ పని మాత్రం చెయ్యకు. ఆర్గన్ నుంచి 122కి వెళ్లే ఆరు పిన్నుల కేబుల్ ఉత్త ఆడియో తీగ కాదు. అందులో మెయిన్స్ కరెంటు వెళ్తుంది, ఎక్కువ వోల్టేజీ డీసీ కూడా ఉంటుంది. దాన్ని కోసి మధ్యలో ఏదో ఒకటి తగిలిస్తే ప్రాణం మీదకి వస్తుంది. అయినా నీకా అవసరం లేదు. లెస్లీ వెనక పలక ఎప్పుడైనా తీశావా?

శ్రోత: తీశానండీ. కింది అరలో ఆంప్లిఫయర్ ఉంది.

మాస్టారు: దాని మీద వాల్యూమ్ నాబ్ ఉంటుంది. ఎంతలో పెట్టావు?

శ్రోత: మూడో వంతు కూడా ఉండదండీ. ఇంట్లో వాళ్లు పడుకుంటారని తగ్గించాను.

మాస్టారు: చూశావా, గొంతు నొక్కేసి పాడమంటున్నావు. అందులో రెండు 6550 పవర్ ట్యూబులున్నాయి, పాత రేడియోల్లోని గాజు వాల్వుల్లాంటివి, 40 వాట్లు. తట్టుకోగలిగిన దానికి మించి సిగ్నల్ వచ్చినప్పుడు ట్యూబు అల కొనను కత్తిరించినట్టు తెంచెయ్యదు. మెల్లగా వంచుతుంది, గుండ్రం చేస్తుంది. ఆ వంపులో కొత్త హార్మోనిక్స్, అంటే అసలు స్వరంతో పాటు మోగే పై స్వరాలు పుడతాయి, అదే నువ్వు వెతుకుతున్న బొంగురు. నాబ్ తగ్గిస్తే సిగ్నల్ ట్యూబులదాకా బలంగా చేరనే చేరదు. ముప్పావు వరకు తిప్పు. ఆ తర్వాత దాని జోలికి పోకు, మిగతాదంతా నీ కుడికాలు చూసుకుంటుంది.

శ్రోత: స్వెల్ పెడలా అండీ?

మాస్టారు: అదే. చాలామంది దాన్ని శబ్దం పెంచడానికే అనుకుంటారు. నాబ్ పైకి పెట్టాక అది బొంగురు పెడల్ అయిపోతుంది. సగం తొక్కితే శుభ్రంగా పాడుతుంది. ఇంకొంచెం తొక్కితే అంచు గరుకెక్కుతుంది. పూర్తిగా తొక్కితే అరుస్తుంది. పాట మొత్తం పూర్తిగా తొక్కి కూర్చుంటే వినేవాళ్ల చెవి అలసిపోతుంది, అరుపుకి విలువుండదు. చరణమంతా సగంలో ఉంచి, ఆఖరి పంక్తికి మాత్రం కాలు దించు, నీకే తెలుస్తుంది. ఆర్గన్ ఆన్‌లో ఉందా?

శ్రోత: లేదండీ.

మాస్టారు: అయితే లైన్లోనే ఉండు. స్టార్ట్ స్విచ్ 8 సెకన్లు పట్టుకో, వదలకుండానే రన్ వేసి ఇంకో 4 సెకన్లు ఆగు. ట్యూబులు వేడెక్కనీ. ఈలోపు ఇంకొకరితో మాట్లాడతాను.

వ్యాఖ్యాత: మరో కాల్. చెప్పండమ్మా.

రెండో శ్రోత: మాస్టారు గారూ, నాకు బొంగురు బాగానే వస్తోందండీ. కానీ ఎడమచేత్తో మూడు స్వరాలు కలిపి కార్డు పట్టుకుంటే అంతా బురదైపోతుంది.

మాస్టారు: మంచి ప్రశ్నమ్మా. బొంగురు పుట్టినప్పుడు రెండు స్వరాల మధ్య తేడా కూడా ఒక స్వరమై లోపల మోగుతుంది. స, ప కలిపి నొక్కండి. వాటి నిష్పత్తి రెండుకి మూడు, తేడా ఒకటి. అంటే కింది స్థాయి స. అందుకే స-ప ఎంత బొంగురైనా గంభీరంగా ఉంటుంది, ఇంకా బరువెక్కుతుంది. ఇప్పుడు స పక్కన గ నొక్కండి. కీబోర్డు శ్రుతిలో గ కాస్త పైకి ఉంటుంది కదా, ఆ తేడా స్వరం అరస్వరంలో సగానికి పైగా తప్పి, కింద గుర్రుమంటుంది. అదే మీ బురద. ఎడమచేతికి స-ప గానీ రెండు స-లు గానీ చాలు. గాంధారం కుడిచేతిలో, పై స్థాయిలో పెట్టండి.

రెండో శ్రోత: నేను మూడు వేళ్లూ దగ్గరగా పెడుతున్నానండీ, నిజమే.

మాస్టారు: వేళ్లు దూరం చెయ్యండమ్మా, గొంతు విప్పారుతుంది.

వ్యాఖ్యాత: ఒక శ్రోత సందేశం: "నా ఆర్గన్ చిన్నగా వాయించినా గరగరమంటోంది. ఇదీ ఓవర్‌డ్రైవేనా?"

మాస్టారు: కాదండీ, అది జబ్బు. కాలు వెనక్కి తీస్తే పోయేది ఓవర్‌డ్రైవ్. కాలు తీసినా పోనిది లోపం. ఒక్క స్వరమే గరగరమంటే ఆ కీ కింద కాంటాక్టులో దుమ్ముండొచ్చు. కింది స్వరాలన్నీ అంటే 15 అంగుళాల వూఫర్ చిరిగిందేమో చూడాలి. ట్యూబు ఆంప్లిఫయర్‌లో కెపాసిటర్లు ప్లగ్ తీసినా కరెంటు పట్టి ఉంచుతాయి, తెలిసినవాళ్లతోనే విప్పించండి. ఇంకో మాట. ఎక్కువ బలం కావాలని పెద్ద ఆంప్లిఫయర్ తగిలించి, లెస్లీ పైభాగంలో పై స్వరాలు పలికే హార్న్ డ్రైవర్ కాల్చుకున్న రోజు నాకింకా గుర్తుంది. 800 హెర్ట్జ్ పైనున్నదంతా ఆ చిన్న డ్రైవరే మోస్తుంది. దాన్ని కాపాడుకోవాలి. డీప్ పర్పుల్ రాక్ బృందంలో ఆర్గన్ వాయించిన జాన్ లార్డ్ హామండ్‌ను మార్షల్ గిటార్ ఆంప్లిఫయర్లలోకి పంపాడు, ఆ గొంతు వేరు, ఇంకా మొరటు. అది కావాలంటే దానికి దారి వేరే.

వ్యాఖ్యాత: మొదటి శ్రోత సిద్ధంగా ఉన్నారు.

శ్రోత: ఉన్నానండీ. నాబ్ ముప్పావుకి తిప్పాను. గొంతు రంగు మార్చే ఆ లాగుడు పట్టీలు, డ్రాబార్లన్నీ బయటికి లాగాను.

మాస్టారు: అన్నీ ఎందుకు నాయనా? పైవి బొంగురులో పడితే గాజు పెంకులు రాలినట్టుంటుంది. మొదటి మూడే, 8, 8, 8, అంటే పూర్తిగా బయటికి. మిగతావి లోపలికి. ఎడమచేత్తో స-ప పట్టుకో. పెడల్ వెనక్కి. ఇప్పుడు మెల్లగా, నీళ్లలో కాలు పెడుతున్నట్టు దించు.

(ఆర్గన్ శబ్దం)

మాస్టారు: ఫోన్లో కింది స్వరాలు రావు, కానీ అంచు వినిపిస్తోంది. అదిగో, అక్కడ! అక్కడే ఆపు. కాలు ఎక్కడుంది?

శ్రోత: మూడొంతుల్లో రెండొంతులు దాటిందండీ. మాస్టారూ, ఇది... ఇది అదే గొంతు!

మాస్టారు: ఆ చోటు మడమకి గుర్తుండిపోవాలి. కొంచెం మందంగా ఉంది కదా? రెండో డ్రాబార్ 8 నుంచి 5కి నెట్టు. లెస్లీ నిదానం మీదే ఉండనీ. ఆఁ, ఇప్పుడు మళ్లీ మొదట్నుంచి.

(ఆర్గన్ శబ్దం)