ఫిలాసఫీ డిపార్ట్‌మెంట్ ఎవరి పక్షం?

(తెర మీద: ప్రాగ్, ఏప్రిల్ 1980)

ప్రాగ్‌లో ఒక మామూలు ఫ్లాట్. ఆక్స్‌ఫర్డ్‌లోని బేలియల్ కాలేజీకి అధిపతిగా ఉన్న ఆంథనీ కెన్నీ అక్కడ చేరిన కొద్దిమందికి అరిస్టాటిల్ నీతిశాస్త్రం పాఠం చెబుతున్నాడు. మధ్యలో పోలీసులు వచ్చారు. చెప్పేవాణ్ణి, వినేవాళ్ళని కలిపి పట్టుకుపోయారు. కెన్నీని సరిహద్దు దాటించేశారు.

ఆయన చెబుతున్న పుస్తకం 2,300 ఏళ్ల కిందటిది. అందులో అప్పటి చెకోస్లొవాకియా కమ్యూనిస్టు ప్రభుత్వం గురించి ఒక్క ముక్క లేదు. అదే పాఠం ఆక్స్‌ఫర్డ్‌లో చెబితే ఎవరూ తల తిప్పి కూడా చూడరు. మరి ప్రాగ్‌లో అది నేరం ఎలా అయింది?

నమస్కారం. ఈ వీడియోలో మనం మాట్లాడుకునేది దీని గురించే. యూనివర్సిటీల్లో చెప్పే ఫిలాసఫీకి రాజకీయంతో సంబంధం ఉందా? దీని మీద రెండు వర్గాలు చాలాకాలంగా గొడవ పడుతున్నాయి. ‘మా పని సత్యాన్ని వెతకడం, ఏ పార్టీతోనూ మాకు పని లేదు’ అని ఒకరంటారు. ‘ఆ తటస్థతే పెద్ద రాజకీయం, ఉన్నవాళ్ళకు కాపలా కాయడం’ అని రెండోవాళ్ళంటారు. నాకు అనిపించేదేమిటంటే, ఇద్దరూ పుస్తకాల్లో ఏం రాసుందో చూసి వాదించుకుంటున్నారు. ఏ ప్రశ్న అడిగినవాడి ఉద్యోగం ఊడిందో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

(తెర మీద: కాంట్ బొమ్మ)

1794లో ప్రష్యా అనే జర్మన్ రాజ్యాన్ని ఏలుతున్న రెండో ఫ్రెడరిక్ విల్హెల్మ్ దగ్గర్నుంచి 70 ఏళ్ల ఫిలాసఫర్ ఇమ్మాన్యుయేల్ కాంట్‌కు ఒక తాఖీదు వచ్చింది. మతం గురించి మీరు రాసింది క్రైస్తవ మూల బోధలను వక్రీకరిస్తోంది, ఇంకోసారి ఇలా చేస్తే చర్య తప్పదు అని దాని సారాంశం. కాంట్ ఎదురు తిరగలేదు. తమ విధేయ ప్రజగా ఇకమీదట మతం జోలికి పోనని మాట ఇచ్చాడు. 1797లో రాజు చనిపోయాడు. మరుసటి ఏడాదే కాంట్ ఒక పుస్తకం వేసి, రాజు ఉత్తరాన్నీ తన జవాబునూ ముందుమాటలో అచ్చు వేయించాడు. నేను మాట ఇచ్చింది ఆ రాజుకు, ఆయన ఉన్నంతవరకే అని తేల్చేశాడు.

ఆ పుస్తకంలోనే ఒక లెక్క ఉంది. అప్పటి యూనివర్సిటీలో మతం, న్యాయం, వైద్యం పై స్థాయి విభాగాలు. జనం మీద పట్టు ఉండాలంటే ఇవి చేతిలో ఉండాలి కాబట్టి, వాటిలో ఏం చెప్పాలో ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఫిలాసఫీది కింది స్థాయి. దాని వల్ల ఎవరి మీదా పెత్తనం రాదు, అందుకని దాని మీదా ఎవరి పెత్తనం ఉండకూడదు. పార్లమెంటులో ఎడమవైపు కూర్చునే ప్రతిపక్షంలాగా పై విభాగాలు చెప్పే ప్రతిదాన్నీ ప్రశ్నించడం దాని పని అంటాడు కాంట్. కానీ ఒక షరతు. ఈ వాదన పండితుల మధ్యే జరగాలి, జనం ముందుకు పోకూడదు.

ఈ షరతును కొంచెం గట్టిగా పట్టుకోండి. మీకు స్వేచ్ఛ ఇస్తాం, గోడ దాటి బయటికి రావద్దు. తర్వాత జరిగిన గొడవలు చాలావరకు ఈ ఒప్పందం చుట్టూ తిరిగినవే.

(తెర మీద: పారిస్, 1932)

దీని మీద అందరికంటే ఘాటుగా దాడి చేసినవాడు పాల్ నిజాన్. అప్పటికి ఇంకా 30 నిండని కమ్యూనిస్టు. ఫ్రాన్స్‌లో పేరున్న ప్రొఫెసర్లను, ముఖ్యంగా పారిస్ యూనివర్సిటీ సోర్బాన్‌లోని లియోన్ బ్రున్‌ష్విక్‌ను, వ్యవస్థకు కాపలా కుక్కలని తిడుతూ ఒక పుస్తకం రాశాడు. యుద్ధం, వలస పాలన, నిరుద్యోగం గురించి వీళ్ళు నోరు మెదపరు, ‘మనిషి’ అని ఎవరికీ చెందని ఒక ఊహ గురించి మాత్రం జీవితాంతం మాట్లాడతారు అన్నది ఆరోపణ. చదువుతుంటే చాలాచోట్ల తల ఊపాలనిపిస్తుంది. ఒక పూట తిండి లేనివాడి ముందు ‘స్వేచ్ఛ’ నిర్వచనం గురించి ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

అయితే కథ అక్కడితో ఆగలేదు. 1939లో సోవియట్ యూనియన్ హిట్లర్‌తో ఒప్పందం కుదుర్చుకుంది. నిజాన్ పార్టీకి రాజీనామా చేశాడు. అంతవరకూ నెత్తిన పెట్టుకున్న పార్టీ ఆయన మీద ద్రోహి అని ముద్ర వేసింది. 1940లో డన్‌కర్క్ దగ్గర యుద్ధంలో చనిపోయాడు. ఇక ఆయన కాపలా కుక్క అన్న బ్రున్‌ష్విక్ యూదుడు. జర్మన్లు పారిస్‌కు రాగానే ఉద్యోగం, ఇల్లు వదిలి పారిపోవాల్సి వచ్చింది. 1944లో పోయాడు. తిట్టినవాడి పార్టీ తిట్టినవాణ్ణి వదిలేసింది, వ్యవస్థకు కాపలా అనుకున్నవాణ్ణి ఆ వ్యవస్థ కాపాడలేదు. ఫిలాసఫర్ ఏ వర్గం మనిషో అతని సిద్ధాంతాన్ని బట్టి తేల్చేయొచ్చు అనుకునేవాళ్ళు ఈ ఇద్దరి జీవితాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

(తెర మీద: అమెరికా, 1949)

ఇప్పుడు అమెరికా. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో హెర్బర్ట్ ఫిలిప్స్ ఫిలాసఫీ ప్రొఫెసర్. కమ్యూనిస్టు పార్టీ సభ్యుడినని దాచుకోలేదు. విచారణ జరిపిన అధ్యాపకుల కమిటీ ఆయన్ని తీసేయమని సిఫారసు చేయలేదు. అయినా పాలకమండలి తీసేసింది. కారణం వినండి. పార్టీ సభ్యుడు స్వేచ్ఛగా ఆలోచించలేడు, కాబట్టి సత్యాన్ని వెతికే ఉద్యోగానికి పనికిరాడు. అంటే తటస్థత పేరు చెప్పే ఉద్యోగం పీకారు.

1953లో టెంపుల్ యూనివర్సిటీ ఫిలాసఫీ ప్రొఫెసర్ బారోస్ డనమ్‌ను కమ్యూనిస్టుల మీద విచారణ జరుపుతున్న అమెరికా ప్రతినిధుల సభ కమిటీ పిలిచింది. పేరు, పుట్టిన వివరాల్లాంటివి చెప్పి, మిగతా ప్రశ్నలకు జవాబివ్వనన్నాడు. యూనివర్సిటీ తొలగించింది. ధిక్కారం కేసును 1955లో కోర్టు కొట్టేసింది. యూనివర్సిటీ మాత్రం ఆయనకు గౌరవ ఆచార్యుడి హోదా ఇచ్చింది 1981లో. నడుమ పోయిన ఏళ్లను ఎవరూ తిరిగి ఇవ్వలేరు కదా.

ఇక్కడే ఒక పెద్ద చర్చ ఉంది. అమెరికన్ ఫిలాసఫీ తర్కం, భాష విశ్లేషణ వైపు జరిగి సమాజం గురించిన ప్రశ్నలు వదిలేయడానికి ఈ భయమే కారణమని జాన్ మెక్‌కంబర్ అనే ఫిలాసఫర్ 2001లో వాదించాడు. 2005లో జార్జ్ రైష్ సైన్స్ ఫిలాసఫీ గురించి దాదాపు అలాంటి మాటే అన్నాడు. సైన్స్, తర్కం ఆధారంగా ఫిలాసఫీ చేయాలన్న వియన్నా బృందం ‘వియన్నా సర్కిల్’లో ఒట్టో న్యూరాత్ లాంటి సోషలిస్టులుండేవారు, సామాన్యుడి చదువు వాళ్ళ ఉద్యమంలో భాగం. అట్లాంటిక్ దాటాక ఆ ముఖం మాయమై తర్కం ఒక్కటే మిగిలింది అంటాడు.

ఈ వాదనను పూర్తిగా ఒప్పుకోవడం కష్టం. విశ్లేషణ పద్ధతి, కమ్యూనిస్టుల వేటకు పేరుపడ్డ సెనేటర్ మెకార్తీకి చాలా ముందే యూరప్‌లో ఫ్రేగే, రస్సెల్ అనే తర్కవేత్తలతో మొదలైంది. అమెరికా స్థాయిలో వేట జరగని బ్రిటన్‌లోనూ అదే రాజ్యమేలింది. పైగా రస్సెల్ యుద్ధాన్ని వ్యతిరేకించి 1916లో కేంబ్రిడ్జ్‌లో ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. తర్కం చెప్పేవాళ్ళంతా పిరికివాళ్ళు అనడానికి లేదు. కానీ ఒకటి నిజం. ఒక ఫిలిప్స్‌ను తీసేస్తే చూసేవాళ్ళు వందమంది. ఏ టాపిక్ మీద పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం గ్యారంటీ, దేనితో టెన్షన్ అని వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. సెన్సార్ చేసినదానికి రికార్డు ఉంటుంది, రాయకుండా వదిలేసినదానికి ఉండదు.

‘అయితే బాహాటంగా పక్షం తీసుకోవాలి’ అంటారా? సోవియట్ ప్రభుత్వం 1922లో ఎందరో మేధావులను ఓడలెక్కించి పంపేసింది. మిగిలిన ఫిలాసఫీని పార్టీ పాఠంగా మార్చేసింది. జర్మన్ ఫిలాసఫర్ హైడెగర్ 1933లో ఫ్రైబర్గ్ యూనివర్సిటీకి రెక్టర్ (అధిపతి) అయ్యాడు, నాజీ పార్టీలో చేరాడు. ఆయన అసాధారణ ప్రతిభావంతుడు, ఆ ప్రతిభ ఆయన్ని ఏమాత్రం ఆపలేదు.

ప్రాగ్ ఫ్లాట్‌కు కారణం కూడా ఇదే. చెక్ ఫిలాసఫర్ యాన్ పటోచ్కాను యూనివర్సిటీలో పాఠాలు చెప్పనివ్వలేదు, ఇళ్ళల్లో చెప్పాడు. మానవ హక్కుల పత్రం చార్టర్ 77కు ప్రతినిధిగా నిలబడ్డాడు. సుదీర్ఘమైన పోలీసు విచారణల తర్వాత 1977 మార్చిలో చనిపోయాడు. ఫిలాసఫీ అంతా ప్రభుత్వానిదే అయినచోట, దాని అనుమతి లేకుండా అరిస్టాటిల్‌ను చదవడమే తిరుగుబాటు. ఆ పుస్తకంలో రాజకీయం వెతకనక్కర్లేదు.

(తెర మీద: ఈ శతాబ్దం)

ఇప్పటి చర్చ ఇంకాస్త సూక్ష్మంగా ఉంది. ఉద్యమాల్లో, పార్టీల్లో దిగితే మన పక్షానికి అనుకూలమైన వాదనలే కనబడతాయి, కాబట్టి రాజకీయ ఫిలాసఫర్లు దూరంగా ఉండాలని బాస్ వాన్ డెర్ వోసెన్ 2015లో రాశాడు. ఇందులో నిజం ఉంది. కానీ దూరంగా ఉన్నంత మాత్రాన చూపు నిష్పాక్షికం కాదని అంతకు పదేళ్ల ముందే ఫిలాసఫర్ చార్ల్స్ మిల్స్ చూపించాడు. 1971లో వచ్చిన అమెరికన్ ఫిలాసఫర్ జాన్ రాల్స్ న్యాయ సిద్ధాంతం ఎన్నో ఏళ్లు ఆ రంగాన్ని ఏలింది. బానిసత్వం, జాతి వివక్ష నడిచిన దేశంలో పుట్టిన ఆ సాహిత్యంలో జాతి ప్రశ్నకు దాదాపు చోటే దొరకలేదు. ఎవరూ నిషేధించలేదు. ఆదర్శ సమాజం ఎలా ఉండాలి అని మొదలుపెడితే, జరిగిన అన్యాయాన్ని ఎలా సరిదిద్దాలి అన్నది ఎప్పుడూ తర్వాతి అధ్యాయానికి వాయిదా పడుతుంది. ఈ రెండింట్లో నాకు మిల్స్ మాటే బరువుగా తోస్తుంది. పార్టీ కార్డు ఉన్నవాడి పక్షపాతం బయటికి కనిపిస్తుంది, ప్రశ్నల జాబితాలో ఇమిడిపోయిన పక్షపాతం లోపల ఉన్నవాళ్ళకే కనిపించదు.

ఆ జాబితాను ఇవాళ రాస్తున్నది ఎక్కువగా డబ్బు. అమెరికాలో పాఠాలు చెప్పేవాళ్ళలో ఎక్కువమందికి శాశ్వత ఉద్యోగ రక్షణ లేదు. వచ్చే ఏడాది కాంట్రాక్టు ఉంటుందో ఊడుతుందో తెలియని మనిషి ప్రతిపక్షంలో ఎంతసేపు కూర్చోగలడు? 2010లో లండన్‌లోని మిడిల్‌సెక్స్ యూనివర్సిటీ తన ఫిలాసఫీ విభాగాన్ని మూసేస్తానంది. పరిశోధనలో ఆ యూనివర్సిటీకి అత్యధిక రేటింగ్ తెచ్చిన విభాగం అదే. విద్యార్థులు భవనాన్ని ఆక్రమించారు, ప్రపంచమంతటి నుంచి నిరసన లేఖలు వచ్చాయి. యాజమాన్యం చెప్పిన కారణం ఆర్థికమే. దాన్ని ఫిలాసఫీతో ఎదుర్కోవడం ఎలాగో ఎవరికీ తెలియలేదు. చివరికి ఆ పరిశోధన కేంద్రం కింగ్‌స్టన్ యూనివర్సిటీకి తరలిపోయింది.