బిడ్డకు పాలిస్తున్నావా తల్లీ అని ఎవరూ అడగలేదు

(చెన్నైలో తెలుగు మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఆదివారం మధ్యాహ్నపు ఎండను లెక్కచేయక పెరంబూరు నుంచి, విల్లివాక్కం నుంచి, తాంబరం నుంచి ఇంత దూరం వచ్చిన అక్కచెల్లెళ్లకు నమస్కారం. నాకు అప్పగించిన అంశం స్త్రీల ఆరోగ్యం. కార్యదర్శిగారి అనుమతితో ఆ విశాలమైన అంశాన్ని పక్కనపెట్టి, అందులో ఒకే ఒక్క విషయం మాట్లాడతాను. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసేవారికి, కిరణాలు వెలువరించే అయోడిన్‌ను మందుగా ఇచ్చే రేడియో అయోడిన్ అనే వైద్యం ఉంది. నేను ఆ మందు ఈ నగరంలోనే తాగాను. నేను వైద్యురాలిని కాను, బడిలో తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నదాన్ని. అయినా ఆ మందు ఇచ్చేచోట ఒక రోజు నేను చూసినదాన్ని తెలుగువాళ్ల ముందు చెప్పకుండా ఉండలేను. ఈ సభ నాకు అందుకు దొరికిన అవకాశం.

మెడ ముందు భాగంలో, స్వరపేటికకు కాస్త దిగువన ఉండే చిన్న గ్రంథి ఇది. రక్తంలో తిరిగే అయోడిన్‌ను పట్టుకుని దానితో హార్మోన్లు తయారుచేయడం దీని పని. వాటిలో టీ4 అనే హార్మోనులో నాలుగు అయోడిన్ పరమాణువులు, టీ3 అనేదానిలో మూడు ఉంటాయి. ఎంత తయారుచేయాలో మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి టీఎస్‌హెచ్ అనే తన హార్మోను ద్వారా చెబుతూ ఉంటుంది. 1835లో ఐర్లండు వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ వర్ణించినందువల్ల ఆయన పేరుతో నిలిచిన వ్యాధిలో, శరీర రక్షణ వ్యవస్థే పొరపాటున తయారుచేసిన యాంటీబాడీలు ఈ గ్రంథిని రాత్రింబవళ్లు ఉసిగొల్పుతాయి. అప్పుడు గుండెదడ, చేతుల వణుకు, నిద్రలేమి, కడుపునిండా తింటున్నా బరువు తగ్గిపోవడం, కొందరికి కళ్లు ముందుకు పొడుచుకురావడం కనిపిస్తాయి. ఒళ్లంతా చెమటలు కూడా పడతాయి గాని, చెన్నైలో చెమటను ఎవరూ రోగలక్షణంగా చూడరు. నా విషయంలోనూ చూడలేదు, అందువల్లనే ఆలస్యమైంది.

దీనికి మూడు దారులున్నాయి. కార్బిమజోల్ వంటి మాత్రలు, శస్త్రచికిత్స, రేడియో అయోడిన్. మాత్రలు వాడుతున్నవారు ఈ సభలో తప్పక ఉంటారు గనుక ఒక మాట చెప్పి ముందుకు వెళతాను. ఆ మాత్రలు అరుదుగా కొందరిలో తెల్లరక్తకణాలను ప్రమాదకరంగా తగ్గించివేస్తాయి. జ్వరం, గొంతునొప్పి వస్తే మామూలు జలుబు అనుకోకుండా మాత్ర ఆపి, అదే రోజు డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి.

ఇక ఈ వైద్యం పుట్టిన తీరు వినండి. 1936 నవంబరులో అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో, వైద్యానికి భౌతికశాస్త్రం ఏమి చేయగలదన్న విషయం మీద కార్ల్ కాంప్టన్ అనే శాస్త్రవేత్త ఉపన్యాసం ఇచ్చాడు. అప్పుడు వింటున్నవారిలో ఉన్న సాల్ హెర్ట్జ్ అనే యువ వైద్యుడు, అయోడిన్‌ను కృత్రిమంగా రేడియోధార్మికం చేయవచ్చునా అని అడిగాడు. ఆయన బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో థైరాయిడ్ రోగులను చూసేవాడు. కాంప్టన్‌కు వెంటనే జవాబు తోచలేదు. మరుసటి నెల ఉత్తరం ద్వారా, చేయవచ్చునని తెలియజేశాడు. భౌతికశాస్త్రవేత్త ఆర్థర్ రాబర్ట్స్‌తో కలిసి ముందు కుందేళ్ల మీద పరీక్షలు జరిపి, 1941లో హెర్ట్జ్ తొలిసారి మనిషికి ఆ మందు ఇచ్చాడు. ఆ ఉపన్యాసం జరిగిన నాటికి అదే వైద్య కళాశాలలో మన భీమవరం బిడ్డ, ఇక్కడి మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధన చేస్తున్నారు. ఈ వైద్యంతో ఆయనకు సంబంధం ఉందని నేను అనడం లేదు. ఆ భవనాలను, ఆ రోజులను తలచుకున్నప్పుడల్లా ఆయన పేరు నా నోట రాకుండా ఉండదు, అంతే. నేను ముఖ్యంగా చెప్పదలచినది మాత్రం ఆ ప్రశ్న గురించి. వినేవారిలో ఒకరు లేచి అడిగిన ప్రశ్న నుంచి, ఎనభై ఏళ్లకు పైగా లక్షలాది మందికి ఉపయోగపడుతున్న వైద్యం వచ్చింది.

ఆ మందు ఎలా పనిచేస్తుందో తెలిస్తే నేను చెప్పబోయే సంఘటన తీవ్రత మీకు అర్థమవుతుంది. మామూలు అయోడిన్‌కూ రేడియోధార్మిక అయోడిన్‌కూ తేడా థైరాయిడ్ గ్రంథికి తెలియదు. రెండింటినీ ఒకేలా లోపలికి తీసుకుంటుంది. లోపలికి చేరిన అయోడిన్-131 వెలువరించే బీటా కణాలు ఒకటి రెండు మిల్లీమీటర్లలోనే ఆగిపోతాయి గనుక, నష్టం దాదాపుగా ఆ గ్రంథిలోని జీవకణాలకే పరిమితమవుతుంది. దానితోపాటు వచ్చే గామా కిరణాలు మాత్రం శరీరం దాటి బయటకు వస్తాయి. పక్కవారి విషయంలో జాగ్రత్తలు చెప్పేది అందుకే. ఈ పదార్థపు అర్ధాయువు ఎనిమిది రోజులు. ఎనిమిది రోజులకు సగం, పదహారు రోజులకు పావు మిగులుతుంది. మూత్రం ద్వారా కూడా పోతుంది గనుక ఒంట్లో నిజానికి అంతకంటే త్వరగానే తగ్గుతుంది. మన దేశంలో దీనిని ముంబయిలోని ట్రాంబేలో తయారుచేసి ఆసుపత్రులకు పంపుతారు. రోజురోజుకూ తరిగిపోయే మందు గనుక నిలవ పెట్టడం కుదరదు. ఫలానా రోజున ఫలానా వారికని లెక్కగట్టి తెప్పిస్తారు. ఆ రోజు తప్పితే మందు వృథా. అందుచేత మందు ఇచ్చే రోజున అక్కడి సిబ్బందికి తొందర ఎక్కువగా ఉంటుంది.

అటువంటి రోజున నేను, రేడియోధార్మిక మందులతో వైద్యం చేసే న్యూక్లియర్ మెడిసిన్ విభాగం వరండాలో కూర్చున్నాను. ఆసుపత్రి పేరు చెప్పను. నా పక్కన పాతికేళ్లు కూడా నిండని ఒక అమ్మాయి, ఆమెతో ఆమె తమ్ముడు కూర్చున్నారు. గూడూరు దగ్గర పల్లె నుంచి తెల్లవారుజాము రైలుకు వచ్చామన్నారు. నెల్లూరు, తిరుపతి, కడప వైపు నుంచి వైద్యానికి చెన్నై వచ్చే తెలుగువాళ్లు ఎంతమందో మీలో సెంట్రల్ స్టేషన్ దగ్గర నివసించేవారికి నేను చెప్పనక్కరలేదు. ఒక ఉద్యోగిని ఇంగ్లీషులో అచ్చువేసిన కాగితం తెచ్చి, ఆ అమ్మాయిని తమిళంలో ఏవో అడిగింది. తనకు వచ్చిన కొద్దిపాటి తమిళంతో తమ్ముడు లేదు, లేదు అని జవాబు చెబుతూ పోయాడు. ఉద్యోగిని గడుల్లో గుర్తులు పెట్టి, సంతకం చేయించుకుని వెళ్లిపోయింది. ఆమెలో దురుసుతనం ఏమీ లేదు. చేతిలో ఇంకా చాలా కాగితాలున్నాయి, అంతే.

ఊరికే కూర్చోలేక ఆ అమ్మాయిని పలకరించాను. పిల్లలా అంటే, "పది నెలల పిల్లోడమ్మా, మా అమ్మ కాడ వదిలిపెట్టి వచ్చినా" అంది. రాత్రికల్లా ఇల్లు చేరాలని ఆత్రపడుతోంది. ఎందుకంత తొందర అన్నాను. "వాడు సీసా పట్టడమ్మా, రాత్రిపూట నా పాలే తాగతాడు" అంది.

నా వంతుకు ముందు డాక్టరు నాకిచ్చిన కాగితంలో పాలిచ్చే తల్లుల గురించి రాసి ఉన్న వాక్యాన్ని నేను చదివి ఉన్నాను. లేచి లోపలికి వెళ్లి, నా మాట వినేదాకా తలుపు దగ్గర నుంచి కదలలేదు. డాక్టరు స్వయంగా బయటకు వచ్చారు. గర్భపరీక్ష చేశారు, లేదని తేలింది; పాలిస్తున్నావా అన్న ప్రశ్న కూడా కాగితం మీద ఉంది, దాని పక్కన లేదు అన్న గడిలో గుర్తు కూడా ఉంది. అక్కను నోరు తెరిచి అటువంటి ప్రశ్న అడగడానికి ఆ తమ్ముడు సిగ్గుపడ్డాడో, ప్రశ్నే అతనికి అర్థం కాలేదో. ఏదైనా, ఆ ప్రశ్న ఆ తల్లిదాకా చేరలేదు. ఆ రోజుకు ఆమెకు మందు ఆపేశారు. మాత్రలు కొనసాగించమని, బిడ్డకు పాలు మాన్పించిన తర్వాత కనీసం ఆరు వారాలు ఆగి రమ్మని డాక్టరు చెబుతుంటే, ఒక్కొక్క వాక్యం నేను తెలుగులో చెప్పాను. ఆ పిల్ల నా చెయ్యి వదలలేదు.

అమ్మలారా, ఆ మందు తాగి రాత్రికి ఇల్లు చేరి ఉంటే ఏమి జరిగేదో ఒక్కసారి ఆలోచించండి. పాలిచ్చే రోజుల్లో తల్లి రొమ్ము కూడా అయోడిన్‌ను పట్టుకుని పాలలోకి పంపుతుంది. ఆ పాలతో రేడియోధార్మిక అయోడిన్ బిడ్డ పొట్టలోకి, అక్కడి నుంచి అతని లేత థైరాయిడ్ గ్రంథికి చేరి, దానిని నాశనం చేసి ఉండేది. పెరుగుదలకూ మెదడు ఎదుగుదలకూ ఆధారమైన హార్మోను కోసం ఆ బిడ్డ జీవితాంతం మాత్రల మీద ఆధారపడవలసి వచ్చేది. పాలు మాన్పించాక ఆరు వారాలు ఆగమనడం రొమ్ము అయోడిన్‌ను పట్టుకోవడం మానేందుకే. మందు తాగాక ఆ బిడ్డకు మళ్లీ పాలు ఇవ్వకూడదు. తర్వాత పుట్టే బిడ్డకు నిస్సందేహంగా ఇవ్వవచ్చు. గర్భవతులకు ఈ మందు అసలే ఇవ్వరు. మూడో నెల చివరికల్లా కడుపులోని శిశువు గ్రంథి అయోడిన్‌ను తీసుకోవడం మొదలుపెడుతుంది. మందు తాగిన తర్వాత ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. మగవారు కూడా నాలుగు నెలలు ఆగాలని చెబుతారు.

ఇంటికి వెళ్లాక పాటించవలసిన జాగ్రత్తల దగ్గరా ఇదే లోపం చూశాను. నాకిచ్చిన కాగితంలో పిల్లలకు, గర్భవతులకు కొంతకాలం దూరంగా ఉండమని ఉంది. ఎంత దూరం, ఎంతకాలం అన్నది లేదు. అంకె లేనిచోట భయం వచ్చి చేరుతుంది. నేను కడిగిన పళ్లేన్ని మా ఇంట్లో చెత్తబుట్టలో వేశారు. పనిమనిషి రావడం మానేసింది. లిఫ్టు ఎక్కవద్దని అపార్ట్‌మెంటులో ఒకరు మా అబ్బాయితో అన్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లకు ఎవరు చెప్పారు గనుక?

రేడియోధార్మికతను మిల్లీక్యూరీలలో కొలుస్తారు. గ్రేవ్స్ వ్యాధికి సాధారణంగా ఇచ్చేది 10 నుంచి 15 మిల్లీక్యూరీలు. ఆ మందు తాగి అదే రోజు ఇంటికి వెళ్లిపోతారు. థైరాయిడ్ క్యాన్సరుకు ఇచ్చే మోతాదు 100 మిల్లీక్యూరీలు, అంతకు మించి కూడా ఉండవచ్చు గనుక వారిని ఆసుపత్రిలో ప్రత్యేకమైన గదిలో ఉంచుతారు. ఈ రెండింటినీ కలిపి భయపడకండి. దూరం రెట్టింపయితే కిరణాల తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. ఒకే లిఫ్టులో అర నిమిషం నిలబడడం వేరు, పసిపిల్లను గుండెల మీద పడుకోబెట్టుకుని రాత్రంతా నిద్రపోవడం వేరు. కొన్ని రోజులు ఒంటరిగా పడుకోవాలి. నీళ్లు బాగా తాగాలి, మరుగుదొడ్డిలో రెండుసార్లు నీళ్లు వదలాలి, చేతులు శుభ్రంగా కడుక్కోవాలి, ఎంగిలి కలవనివ్వకూడదు. కడిగిన పళ్లెం పారవేయనవసరం లేదు. చిన్నపిల్లలను ఒడిలోకి తీసుకోకూడని గడువు మోతాదును బట్టి కొన్ని రోజుల నుంచి మూడు నాలుగు వారాల దాకా ఉంటుంది. ఆ గడువును డాక్టరు చేత తేదీతో సహా రాయించుకోండి. విమాన ప్రయాణం ఉంటే వైద్యం చేయించుకున్నట్టు ఉత్తరం వెంట ఉంచుకోండి. విమానాశ్రయాల్లోని పరికరాలు వారాల తర్వాత కూడా పసిగట్టగలవు.

మందుకు ముందు చెప్పవలసినవీ ఉన్నాయి. అయోడిన్ ఉన్న మందు ఎక్కించి సీటీ స్కాన్ తీయించుకుని ఉంటే చెప్పండి. గ్రంథి అప్పటికే నిండి ఉంటే ఈ అయోడిన్‌ను తీసుకోదు. కళ్ల ఉబ్బు ఉంటే, పొగతాగే అలవాటు ఉంటే చెప్పండి. అటువంటివారికి కంటి బాధ పెరిగే అవకాశం ఉంది. తర్వాత ఫలితం వారాల నుంచి నెలల మీద కనిపిస్తుంది. చాలామందికి గ్రంథి పూర్తిగా మందగించి, ఆ హార్మోను లోటు తీర్చే థైరాక్సిన్ మాత్ర జీవితాంతం రోజూ ఒకటి వేసుకోవలసి వస్తుంది. నేనూ వేసుకుంటున్నాను. పరగడుపున వేసుకోవాలి, కాఫీ కనీసం అరగంట ఆగాలి.

ఇప్పుడు నా అభ్యర్థన. తమిళమూ తెలుగూ రెండూ మాట్లాడగలవారు దయచేసి చేతులెత్తండి. చూడండి, దాదాపు సభంతా ఎత్తింది! ఆ వరండాలో ఆనాడు మీలో ఒక్కరు ఉద్యోగరీత్యా కూర్చుని ఉంటే, నేను అక్కడ ఉండడం అనే అదృష్టం మీద ఒక బిడ్డ ఆరోగ్యం ఆధారపడి ఉండేది కాదు. ఈ నగరంలో రేడియో అయోడిన్ ఇచ్చే ప్రతి ఆసుపత్రిలోనూ సంతకం చేయించే కాగితం తెలుగులోనూ ఉండాలని, చదవలేనివారికి ఒక స్త్రీ చేత, తమ్ముడూ భర్తా పక్కన లేకుండా, తెలుగులో చదివి వినిపించాలని మనం అడగాలి. మన సంఘం తరఫున ఉత్తరం రాయాలి. నేను ముసాయిదా తెచ్చాను. గర్భం ఉందా, నెలసరి ఎప్పుడు వచ్చింది, పాలిస్తున్నావా, ఇంట్లో ఏ వయసు పిల్లలున్నారు, ఎవరి పక్కన పడుకుంటావు, ఊరికి బస్సులో ఎన్ని గంటల ప్రయాణం అన్న ప్రశ్నలతో ఒక పేజీ కూడా రాశాను. దానిని న్యూక్లియర్ మెడిసిన్ వైద్యులెవరైనా చదివి సరిచూసేదాకా పంచను. మీ ఇళ్లలో అటువంటి వైద్యులుంటే నాకు పరిచయం చేయండి. వారంలో ఒక పూట ఆసుపత్రిలో కూర్చోగలవారు కార్యదర్శిగారి దగ్గరున్న పుస్తకంలో పేరు, రాగలిగిన రోజు రాయండి. పుస్తకం ముందు వరుస నుంచి వస్తోంది, వెనక్కి అందించండి.