కారు వైరింగ్‌కి డిజిటల్ మీటరా, ముల్లు మీటరా?

నమస్కారం అండీ. వోల్టులు, కరెంటు కొలిచే మల్టీమీటర్లు, రెండు రకాలూ టేబుల్ మీదే ఉన్నాయి. ఒక్కటే కొంటానంటే డిజిటలే కొనండి. అలాగని ముల్లు మీటర్‌ని పారేయకండి, దానికీ ఒక పనుంది.

ముందు ఆక్సిజన్ సెన్సర్, అంటే పొగ గొట్టంలో ఆక్సిజన్‌ని పసిగట్టేది. జిర్కోనియా రకం ఇచ్చేదే 0.1 నుంచి 0.9 వోల్టులు. ఈ ముల్లు మీటర్ డయల్ మీద చూడండి, వోల్టుకి 20 కిలో ఓమ్‌లు అని ఉంది. అంటే 2.5 వోల్టుల రేంజ్‌లో మీటర్ లోపలి నిరోధం 50 కిలో ఓమ్‌లే. ముల్లు కదలాలంటే సెన్సర్ నుంచే కరెంటు లాగాలి. సెన్సర్ ఇంకా పూర్తిగా వేడెక్కలేదనుకోండి, రీడింగ్ పడిపోతుంది, మీరేమో బాగున్న సెన్సర్‌ని మార్చేస్తారు. డిజిటల్‌ది మామూలుగా 10 మెగా ఓమ్‌లు, లాగేది దాదాపు సున్నా. ఎయిర్‌బ్యాగ్ వైర్ల మీద మాత్రం ఏ మీటరూ పెట్టొద్దు.

ఇక ముల్లు సత్తా. కేబుల్ థ్రాటిల్ కారు (పెడల్ నొక్కితే తీగే ఇంజన్ గాలి తలుపుని, అంటే థ్రాటిల్‌ని, తెరిచేది), కీ ఆన్, ఇంజన్ ఆఫ్. ఆ తలుపు ఎంత తెరుచుకుందో చెప్పే థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ సిగ్నల్ వైరుకి ఎర్ర ప్రోబ్, ఎర్త్‌కి నల్లది, 10 వోల్టుల రేంజ్. పెడల్ మెల్లగా నొక్కుతుంటే దాదాపు అర వోల్టు నుంచి నాలుగున్నర దాకా ముల్లు సాఫీగా ఎక్కాలి. ఇదిగో, సగం దగ్గర చటుక్కున పడి లేచింది చూశారా? లోపల ట్రాక్ అక్కడ అరిగిపోయింది. డిజిటల్ అంకెలు సెకనుకు మూడు నాలుగు సార్లే మారతాయి, ఈ కుదుపు వాటికి దొరకదు. బార్ గ్రాఫ్ (అంకెలతో పాటు ముల్లులా కదిలే గీతల పట్టీ) ఉన్న డిజిటల్ అయితే చాలావరకు పట్టేస్తుంది, అందుకే అది చూసి కొనండి.

డిజిటల్‌కీ ఒక మాయ ఉంది. ఒక్క పోగు మిగిలిన వైరు మీద కూడా దర్జాగా 12.6 చూపిస్తుంది, లైటు మాత్రం వెలగదు. కాబట్టి లోడ్ ఉండగానే, అంటే కరెంటు పారుతుండగానే కొలవండి. ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, ఇంకోటి ఇంజన్ బ్లాక్ మీద పెట్టి స్టార్టర్ తిప్పించండి. 0.2 వోల్టులు దాటిందా, ఎర్త్ కేబుల్ చూడాల్సిందే. క్లాంపు మీద కాదండోయ్, పోస్టు మీదే పెట్టాలి. రెండింటి మధ్య చేరిన తెల్లపొడి కూడా లెక్కలోకి రావాలి కదా.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంటే 10 ఆంప్స్ సాకెట్‌లో ఎర్ర వైరు పెట్టి, నెగటివ్ కేబుల్‌కి సిరీస్‌లో, అంటే కేబుల్ ఊడదీసి దానికీ పోస్టుకీ మధ్యలో మీటర్‌ని కలపండి. కంప్యూటర్లు నిద్రపోవాలి, అరగంట ఆగండి. సాధారణంగా 50 మిల్లీ ఆంప్స్ లోపు ఉండాలి. అప్పుడు స్టార్టర్ కొట్టారో, మీటర్ ఫ్యూజ్ పోయినట్టే. కొలిచాక ఎర్ర వైరుని వెంటనే వోల్ట్ సాకెట్‌లోకి మార్చేయండి, లేకపోతే తర్వాత బ్యాటరీ వోల్టేజ్ చూడబోయి నేరుగా షార్ట్ చేస్తారు.