పెళ్లిళ్లకి టేప్‌లేని కెమెరా కొంటున్నారా? ముందు కార్డు తలుపు తెరిచి చూడండి

నమస్కారమండీ. గుంటూరు, విజయవాడ వైపు పెళ్లిళ్లు తీసే మనవాళ్లు చాలామంది అడుగుతున్నారు, ప్రొఫెషనల్ వీడియో కెమెరా ఏది తీసుకోవాలి అని. టేబుల్ మీద రెండు పెట్టాను చూడండి. ఇది సోనీ జెడ్ 90. ఇది సోనీ ఎన్‌ఎక్స్ 100. రెండింటిలోనూ టేప్ లేదు, అన్నీ కార్డులే. లెన్స్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇదిగో, ఈ చిన్న తలుపు తెరుస్తున్నాను. కనపడుతోందా? రెండు స్లాట్లు. ఏ, బీ. షాపుకి వెళ్లగానే మీరూ ఇదే చేయండి. తలుపు తెరవండి, రెండు స్లాట్లు ఉన్నాయా చూడండి. ఒక్కటే ఉంటే పెళ్లిళ్లకి ఆ కెమెరా నేనైతే తీసుకోను.

ఎందుకంటే, మినీ డీవీ రోజులు గుర్తున్నాయి కదా. గంట క్యాసెట్టు. కంప్యూటర్లోకి ఎక్కించాలంటే మళ్లీ గంట కూర్చోవాల్సిందే. కానీ ఎక్కించాక కూడా క్యాసెట్టు బీరువాలో ఉండేది. హార్డ్ డిస్క్ పోయినా మళ్లీ ఎక్కించుకునేవాళ్లం. కార్డుకి ఆ ధీమా లేదు. వారం తిరక్కుండానే ఇంకో పెళ్లికి అదే కార్డు ఫార్మాట్ చేసేస్తాం. అప్పట్లో బీరువా చేసిన పని ఇప్పుడు ఆ రెండో స్లాట్ చేయాలి.

సరే, మిగతావి గబగబా చెప్పేస్తా. సెన్సార్, రెండింటిలోనూ 1 అంగుళం, రాత్రి ముహూర్తాలకి సరిపోతుంది. ఎండలో వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ లోపలే ఉంది, ఇదిగో ఈ స్విచ్. మైకులకి ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు రెండు, ఇక్కడ. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకి 25 లేదా 50 ఫ్రేములు, షట్టర్ సెకనులో 50వ వంతు లేదా 100వ వంతు. లేకపోతే మండపం లైట్లు వీడియోలో మినుకుమినుకుమంటాయి. ఇవి మీకు తెలిసినవే.

మిర్రర్‌లెస్ ఫొటో కెమెరాతో సరిపెట్టుకోవచ్చా అంటారు. పాటలకి, క్లోజప్‌లకి బ్రహ్మాండంగా ఉంటుంది, నేనూ వాడతాను. కానీ పాత మోడల్స్ చాలావాటిలో అరగంట కాగానే రికార్డింగ్ ఆగిపోతుంది. పైగా మే నెలలో విజయవాడ ఎండ, ఏసీ లేని కల్యాణ మండపం. కెమెరా వేడెక్కి ఆగిపోతే అయ్యగారు మంత్రం ఆపరు కదండీ.

ఇప్పుడు కార్డు. ఇక్కడ నెమ్మదిగా వెళ్దాం, ఇది కాస్త చూడండి.

జూమ్ చేస్తున్నాను. ఈ కార్డు మీద పెద్ద అంకె 95 అని ఉంది, సెకనుకి 95 మెగాబైట్లు. ఇది చదివే వేగం. కంప్యూటర్లోకి కాపీ చేసేటప్పుడు వచ్చే వేగం, అదీ గరిష్ఠంగా. మనకి కావాల్సింది రాసే వేగం. పక్కన సీ అక్షరంలో 10 ఉంది చూశారా? క్లాస్ 10. అంటే సెకనుకి 10 మెగాబైట్లు రాయడానికి మాత్రమే హామీ.

ఇప్పుడు జెడ్ 90 మెనూ చూడండి. 4కేలో సెకనుకి 100 మెగాబిట్లు. బిట్లు! బైట్లు కాదు. ఒక బైట్ అంటే 8 బిట్లు, కాబట్టి 8తో భాగించాలి. 100ని 8తో భాగిస్తే 12.5. కెమెరా సెకనుకి 12.5 మెగాబైట్లు పంపిస్తుంటే, కార్డు హామీ ఇచ్చేది 10.

ఈ లెక్క తెలియక నేను ఒక పెళ్లిలో దెబ్బతిన్నాను. కార్డు కొత్తలో బాగానే రాసింది, రెండు మూడు ఫంక్షన్లు తీశాను. ఆ రోజు జీలకర్ర బెల్లం, వధూవరుల మధ్య అడ్డుతెర పట్టుకున్నారు, నా దృష్టంతా ఫ్రేమ్ మీదే ఉంది. తెర దించారు. చూస్తే స్క్రీన్ మీద రికార్డవుతోందని చెప్పే ఎర్ర చుక్క లేదు. కార్డు వేగం అందుకోలేక రికార్డింగ్ ఎప్పుడో ఆగిపోయింది. ఆల్బమ్ పనికి వచ్చినప్పుడు అమ్మాయి నాన్నగారు వీడియో మొత్తం చూసి, "బాబూ, తెర దించింది ఏదీ?" అని అడిగారు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

అందుకే ఇదిగో, ఈ కార్డు చూడండి. వీ 30 అని ఉంది, పక్కనే యూ అక్షరంలో 3. రెండింటి అర్థమూ ఒకటే, సెకనుకి 30 మెగాబైట్లు తగ్గకుండా రాస్తుంది. మనకి కావాల్సింది 12.5. హాయిగా సరిపోతుంది. వీ 60, వీ 90 ఈ పనికి అక్కర్లేదు, ఆ డబ్బుతో ఇంకో బ్యాటరీ కొనుక్కోండి. కొత్త కార్డు తేగానే హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒకసారి నిండా రాయించి చూడండి. నకిలీ కార్డయితే అక్కడే బయటపడుతుంది.

ఎంత సేపు వస్తుంది? 64 జీబీ, 100 మెగాబిట్లలో గంటా ఇరవై నిమిషాలు. అదే ఫుల్ హెచ్‌డీ 50 మెగాబిట్లలో, 128 జీబీ కార్డయితే దాదాపు ఐదున్నర గంటలు. పార్టీ 4కే అడగకపోతే నేను హెచ్‌డీలోనే తీస్తాను.

మెనూలోకి వెళ్తున్నాను. రిలే, సైమల్. రిలే అంటే ఏ నిండాక బీకి వెళ్తుంది. సైమల్ అంటే రెండింటిలోనూ ఒకేసారి అదే వీడియో. చాలామంది ఎక్కువ సేపు వస్తుందని రిలే పెడతారు. సైమల్ పెట్టండి. కొన్ని కెమెరాలు కొన్ని సెట్టింగుల్లో సైమల్ ఇవ్వవు, మీరు తీసే సెట్టింగ్‌లో వస్తుందో లేదో షాపులోనే రెండు కార్డులు పెట్టి తీసి చూడండి.

ఇంటికొచ్చాక 'ఏ' స్లాట్‌లోని కార్డుని కంప్యూటర్లోకి కాపీ చేస్తాం. నేను టెరాకాపీ అనే సాఫ్ట్‌వేర్ వాడతాను, కాపీ సరిగ్గా వచ్చిందో లేదో సరిచూసే వెరిఫై టిక్ పెట్టి. ఇదిగో, అన్నీ పచ్చగా వచ్చాయి. ఎడిటింగ్ అయ్యి, పార్టీ చేతికి పెన్‌డ్రైవ్ ఇచ్చేదాకా బీ కార్డు ఇలా కవర్లో, పైన పెళ్లి తేదీ రాసి, బీరువాలోనే.