మెట్రో ఫోటో తీస్తే ఫోన్ లాక్కోవచ్చా?

నమస్తే. హైదరాబాద్ అమీర్‌పేట్‌లో కింద ఫుట్‌పాత్ మీద నిలబడి, పైన పోతున్న మెట్రో రైలును ఒక కుర్రాడు ఫోన్‌లో తీస్తున్నాడు అనుకోండి. గార్డు వస్తాడు. "తమ్మీ, ఫోన్ ఇటియ్యి. గ్యాలరీ తెరువు. అన్నీ డిలీట్ కొట్టు." పిల్లాడు బెదిరిపోయి "సారీ అన్నా" అని ఫోన్ చేతిలో పెట్టేస్తాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా "మెట్రో ఫోటో తీస్తే కేసే కదా" అంటారు. నాకు మండేది ఆ మాటకే. "ఇక్కడ వద్దు" అనడం వేరు, "అది నేరం" అనడం వేరు. రెండింటినీ కలిపేశాం.

మీ పెద్దమ్మ ఇంటికి వెళ్లారు. "చెప్పులు బయట విడువు బిడ్డా" అంటుంది. ఆమె ఇల్లు, ఆమె రూలు. మీరు వినకుండా చెప్పులతోనే లోపలికి పోతే "బయటికి నడువు" అనే హక్కు ఆమెకుంది. కానీ ఆ చెప్పులు గుంజుకుని, కోసి, నాలాలో పడేసే హక్కు లేదు. ఇక వీధిలో నడుచుకుంటూ పోయేవాణ్ణి ఆపి చెప్పులు విప్పమనే హక్కు అసలే లేదు.

స్టేషన్ లోపలి భాగం పెద్దమ్మ ఇల్లు. టికెట్ గేటు దాటాక నడిపేవాళ్ల షరతులు వర్తిస్తాయి. ఫోటోలు వద్దంటే ఆపండి, వాదించకండి. వినకపోతే బయటికి పంపుతారు, అందులో తప్పు లేదు. కింద ఫుట్‌పాత్ మాత్రం వీధి. అక్కణ్ణుంచి కంటికి కనబడే పిల్లర్, రైలు, స్టేషన్ బోర్డు తియ్యడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

"మరి అఫీషియల్ సీక్రెట్స్ చట్టం ఉంది కదా?" ఉంది. ప్రభుత్వ రహస్యాలను కాపాడే 1923 నాటి చట్టం. అందులో 'నిషిద్ధ స్థలం' అంటే ఏమిటో రాసి ఉంది, దాన్ని చదివినవాళ్లు తక్కువ. రైల్వే, రోడ్డు లాంటివి వాటంతటవే నిషిద్ధం అయిపోవు. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో, అంటే తన అధికారిక పత్రికలో ప్రకటించాలి. ఆ ప్రకటన కాపీని అక్కడే, ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ అతికించాలి. అంటే మన దగ్గరైతే తెలుగులోనో ఉర్దూలోనో కనబడాలి. దేశ భద్రతకు హాని చేసే ఉద్దేశం ఉందా అన్నది ఆ తర్వాతి ప్రశ్న. 2022లో బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్, పోలీస్ స్టేషన్ కూడా ఈ చట్టం కింద నిషిద్ధ స్థలం కాదని, లోపల వీడియో తీసినందుకు పెట్టిన కేసును కొట్టేసింది. పోలీస్ స్టేషనే కానప్పుడు బస్టాపు ఎలా అవుతుంది?

ఇప్పుడు డిలీట్ సంగతి, నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది. ఆ ఫోటో నేరమే అయితే అది సాక్ష్యం. సాక్ష్యాన్ని చెరిపెయ్యమని గార్డు ఎలా చెప్తాడు? నేరం కాకపోతే చెరపాల్సిన పనేముంది? ఎటు చూసినా "డిలీట్ కొట్టు" అనే మాటకు చట్టంలో చోటు లేదు. ఫోన్ స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకుంది, బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 106 కింద. దానికీ నేరం జరిగిందన్న అనుమానానికి కారణం ఉండాలి, మేజిస్ట్రేట్‌కు తెలియజెయ్యాలి. ప్రైవేటు గార్డుకు ఆ సెక్షన్ లేదు. పెద్దమ్మ చెప్పులు కొయ్యకూడదన్నది ఇందుకే.

భయం ఊరికే పుట్టలేదు, అది నాకు తెలుసు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్‌లలో బాంబు పేలుళ్లు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్, బస్టాపు దగ్గరే. ఆ సాయంత్రాలు చూసిన ఊరు ఇది, గార్డు కంగారు పడితే అతన్ని తిట్టను. కానీ దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పెట్టింది సైకిళ్ల మీద. ఆ తర్వాత మనం సైకిల్ తొక్కే ప్రతివాణ్ణీ ఆపామా? వదిలేసిన బ్యాగు, తాళం వేసిన గది చుట్టూ తచ్చాడే మనిషి, అనుమానించాల్సింది అక్కడ. 2022 నుంచి హైదరాబాద్ వీధులు గూగుల్ స్ట్రీట్ వ్యూలో ఉన్నాయి. రోడ్డు మీంచి కనబడేదాన్ని ఆ పిల్లాడి ఫోన్‌లోంచి చెరిపేసి కాపాడేదేముంది? వాడి మీద పెట్టిన కళ్లు ఆ బ్యాగు మీద ఉండవు, నా అసలు బాధ అదీ.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

మనుషుల ఫోటోలు. వీధిలో జనం ఫ్రేములో పడటం వేరు. ఒకరి గోప్యతకు భంగం కలిగేలా, ఒప్పుకోలు లేకుండా ఒంటి రహస్య భాగాలను తియ్యడం ఎక్కడైనా నేరమే: ఐటీ చట్టం 66ఈ, మూడేళ్ల వరకు జైలు లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. చెప్పులు వేసుకోవడం హక్కే, వాటితో ఒకరిని కొడితే వీధి అయినా ఇల్లయినా ఒకటే. లేడీస్ కోచ్‌లో అమ్మాయి అభ్యంతరం చెప్తే ఆమె మాట వినండి, అక్కడ నేను ఫోటోగ్రాఫర్ పక్షాన లేను.

పట్టాలు. సెల్ఫీ కోసం రైల్వే ట్రాక్ మీదికి దిగితే రైల్వే చట్టం 147, ఆరు నెలల వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అది చొరబాటు కేసు, ఫోటో కేసు కాదు.

కాపీరైట్. కాచిగూడ స్టేషన్ గుమ్మటాలు తీసి పోస్టు చేశారు, పర్వాలేదు. కట్టడాల ఫోటోలకు 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో మినహాయింపు ఉంది.

ట్రైపాడ్, సినిమా షూటింగ్, డబ్బులకు తీసే వీడియో అయితే ముందే అనుమతి తెచ్చుకోండి.

ఆపితే ఏం చెయ్యాలి? గొంతు పెంచకండి. "అన్నా, ఏ రూలు, ఎక్కడ రాసుంది, చూపించండి" అని అడగండి. లోపల ఉంటే తియ్యడం ఆపేసి ముందుకు కదలండి. ఫోన్ ఇమ్మంటే "పోలీసులను పిలవండి, వాళ్లతో మాట్లాడతా" అనండి. పోలీసులు వచ్చి తీసుకుంటే పంచనామా కాపీ, ఆ అధికారి పేరు, స్టేషన్ పేరు రాయించుకోండి.