సిపాయి కేక వెయ్యలేదు

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో అప్పుడే కాళ్లు ఊపడం మొదలుపెట్టిన పిల్లలకు నమస్కారం. నా పరిచయంలో చెప్పినవాటిలో సగమే నిజం. ఆ సగం కూడా వదిలేద్దాం.

నాకిచ్చిన అంశం ‘ప్రాణం వచ్చే బొమ్మల పాత కథలు’. వరసగా చెబుదామని కాగితం మీద రాసుకొచ్చాను కూడా. 1816లో జర్మన్ రచయిత హాఫ్మన్ రాసిన నట్‌క్రాకర్ కథ, అర్ధరాత్రి బొమ్మల సేనకీ ఎలుకల దండుకీ యుద్ధం, అక్కణ్ణించి మొదలుపెట్టాలి. కానీ ఈమధ్య మా మనవరాలికి కొన్న ఒక పుస్తకం నా మనసు పాడుచేసింది. ముందు ఆ కోపం తీర్చుకోనివ్వండి.

అది డెన్మార్క్ రచయిత అండర్సన్ రాసిన తగరపు సిపాయి కథ, 1838 నాటిది. ఒకే ఒక్క పాత తగరపు చెంచా కరిగించి పాతికమంది సిపాయిల్ని పోశారు. చివరివాడికి తగరం చాల్లేదు, ఒంటికాలితో మిగిలాడు. కాగితపు కోట గుమ్మంలో కాగితపు నర్తకి ఒక కాలు బాగా పైకెత్తి నిలబడితే, ఈమెకీ నాలాగే ఒక్క కాలే ఉందనుకుని మనసు పారేసుకున్నాడు. నేను కొన్న పుస్తకంలో చివరికి వాళ్లిద్దరికీ పెళ్లి! పూలదండలు, బాజాలు, మిగతా ఇరవై నలుగురు అన్నలూ పెళ్లిపెద్దలు. అచ్చువేసినవాళ్ల పేరు చెప్పను. వాళ్లకి తెలుసు.

అసలు కథలో పెళ్లి లేదు. ఒక పిల్లాడు ఏ కారణమూ లేకుండా సిపాయిని పొయ్యిలో పడేస్తాడు. తలుపు తెరుచుకుని గాలి కొడితే నర్తకీ ఎగిరొచ్చి అందులోనే పడుతుంది. మర్నాడు బూడిద ఎత్తితే గుండె ఆకారంలో చిన్న తగరపు ముద్ద, బొగ్గులా మాడిన నర్తకి తళుకు బిళ్ల. అంతే.

పిల్లలు ఏడుస్తారండీ, అంటారు. ఏడవనివ్వండి. నేను మా పిల్లకి అసలు కథ చెప్పాను. పొయ్యి దగ్గర ఏడవలేదు. అంతకు చాలా ముందే ఏడ్చింది. సిపాయి కిటికీలోంచి వీధిలో పడతాడు కదా, ఇంట్లోవాళ్లు వెతుక్కుంటూ కిందికొస్తారు, కొంచెం ఉంటే తొక్కేసేవాళ్లే. ‘ఇక్కడున్నాను’ అని ఒక్క కేక వేస్తే చాలు. యూనిఫాంలో ఉండి అరవడం మర్యాద కాదని ఊరుకుంటాడు! మా పిల్ల నా చెయ్యి పట్టుకుని, “ఎందుకు అరవలేదు తాతా?” అంది. మర్నాడు అన్నం తింటూ మళ్లీ అదే. నాకు ఇప్పటికీ జవాబు దొరకలేదు. వెనక కూర్చున్న టీచర్లూ, మీరు చెప్పండి, ఆ పెళ్లి బొమ్మ చూపించి ఏ పిల్ల చేతనైనా ఈ ప్రశ్న అడిగించగలరా?

నా వాదనకి అడ్డొచ్చే సంగతి ఒకటుంది, అదీ చెప్పేస్తాను. 1881లో ఇటలీ రచయిత కొల్లోడి పిల్లల పత్రికలో పినోకియోని మొదలుపెట్టి, ఆ కొయ్యబొమ్మని ఓక్ చెట్టుకి ఉరివేయించి కథ ముగించేశాడు. ఇంకా కావాలని పాఠకులు గొడవపెడితే మళ్లీ బతికించాడు. కానీ చూడండి, బతికించింది రాసినవాడే. మధ్యలో ఎవరో దూరి కాదు.

1922 నాటి మఖ్మల్ కుందేలు కథలో అయితే, పిల్లాడికి స్కార్లెట్ ఫీవర్ అనే అంటుజ్వరం వచ్చిందని బొమ్మని తగలబెట్టమంటారు. దేవకన్య వచ్చి నిజం కుందేలుని చేస్తుంది, సంతోషమే. కానీ తర్వాత దాన్ని చూసిన పిల్లాడు ‘అచ్చం నా పాత కుందేల్లా ఉందే’ అనుకుంటాడు తప్ప గుర్తుపట్టడు. దీన్ని మాత్రం ఇంతవరకూ ఎవరూ చెరిపెయ్యలేదనుకుంటాను. చెరిపేశారని నాకు చెప్పకండి, బీపీ ఉంది.

చీటీ వచ్చింది, టైమైపోయిందట. నట్‌క్రాకర్ కాగితం మడిచేస్తున్నాను. పిల్లలూ, కొంచెం దగ్గరికి జరగండి. సిపాయి కథ అసలుది చదువుతాను. వీధిలో పడ్డ చోట ఆగుతాను. ఎందుకు అరవలేదో మీలో ఎవరికైనా తోస్తే చెప్పండి, రాసుకెళ్లి మా పిల్లకి చెబుతాను.