వీసీఓ గొంతు బొంగురుపోతే

హోస్ట్: అక్కా, ముందు వీసీఓ అంటే ఏంటో చెప్పు.

అక్క: వోల్టేజ్ మారిస్తే ఫ్రీక్వెన్సీ మారే ఆసిలేటర్, అంటే ఆగకుండా ఊగే సిగ్నల్ పుట్టించే సర్క్యూట్. కాయిల్, కెపాసిటర్, ఊపు ఆగిపోకుండా తోసే ట్రాన్సిస్టర్లు, అంతే. ఫోన్‌కి అదే శృతిపెట్టె అనుకో.

హోస్ట్: శృతి కాస్త వణికితే ఏమవుతుంది?

అక్క: 2జీ ఫోన్ల జీఎస్ఎం 900 తీసుకో. మన సిగ్నల్ బలం మైనస్ 99 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత) ఉన్నప్పుడు, 3 మెగాహెర్ట్జ్ అవతల ఇంకొకడు మైనస్ 23తో అరుస్తున్నా మన మాట వినబడాలి. 76 డీబీ తేడా, అంటే సుమారు 4 కోట్ల రెట్లు! వీసీఓ గొంతులో గరగర ఉంటే ఆ అరుపు దాని మీదెక్కి మన ఛానెల్లో వాలుతుంది.

హోస్ట్: మంచి కాయిల్ వేస్తే సరిపోదా?

అక్క: సిలికాన్ చిప్ మీద కాయిల్‌కి క్యూ, అంటే నష్టం లేకుండా ఊగే నాణ్యత, పది దాటితే పండగే. క్యూ సగమైతే నాయిస్, అదే ఆ గరగర, 6 డీబీ పెరుగుతుందని 1966లో లీసన్ అనే ఇంజనీర్ వేసిన లెక్క. అది అందరూ చదువుకునే వస్తారు. నేనూ వచ్చా. నా మొదటి బోర్డులో నాయిస్ సిమ్యులేషన్ కంటే ఎక్కువొస్తే, మూడు రోజులు కాయిల్‌నే తిట్టుకున్నా.

హోస్ట్: తప్పు దానిది కాదా?

అక్క: పాపం, కాదు. మా సీనియర్ వచ్చి బెంచ్ సప్లై పీకేసి పెన్సిల్ బ్యాటరీలు కట్టారు. స్క్రీన్ మీద నాయిస్ గీత కిందికి జారిపోయింది! గరగర సప్లై నుంచి వస్తోందన్నమాట. వోల్టుకి 50 మెగాహెర్ట్జ్ కదిలే వీసీఓ అది. ట్యూనింగ్ వైరు మీద ఒక్క మైక్రోవోల్టు పడినా 50 హెర్ట్జ్ ఊగుతుంది. ఆ మైక్రోవోల్టు 10 కిలోహెర్ట్జ్‌దైతే, అంత దూరంలో మైనస్ 52 డీబీసీ, అంటే అసలు సిగ్నల్ కంటే 52 డీబీ కింద, అక్కర్లేని సిగ్నల్ ముల్లులా లేస్తుంది.

హోస్ట్: మరి వోల్టుకి అంత కదలకుండా చేస్తే?

అక్క: అదే చేస్తాం. పెద్ద అడుగులు స్విచ్ కెపాసిటర్లకి, చిన్న సర్దుబాటు వరాక్టర్‌కి, అంటే వోల్టేజ్‌తో విలువ మారే కెపాసిటర్‌కి. 50ని 5కి దించితే ఆ ముల్లు 20 డీబీ తగ్గుతుంది. కాకపోతే ఫోన్ వేడెక్కి ఫ్రీక్వెన్సీ జరిగితే, అందుకునే సత్తా వరాక్టర్‌కి ఉండాలి. లేకపోతే కాల్ మధ్యలో లాక్, అంటే సరైన ఫ్రీక్వెన్సీ మీద పట్టు, పోతుంది. మరీ పిసినారితనమూ పనికిరాదు.

హోస్ట్: పక్కనే సిగ్నల్‌ని పెంచి బయటికి పంపే పవర్ యాంప్లిఫయర్ కూడా ఉంటుందిగా?

అక్క: అమ్మో, జీఎస్ఎంలో అది సెకనుకి 217 సార్లు లేస్తుంది. లేచినప్పుడల్లా బ్యాటరీ వోల్టేజ్ కుంగుతుంది. అందుకే వీసీఓకి విడిగా, వోల్టేజ్‌ని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ పెడతాం. పైగా రెట్టింపు ఫ్రీక్వెన్సీలో నడిపి రెండుతో భాగిస్తాం, యాంప్లిఫయర్ తన వైపు లాగకుండా.

హోస్ట్: దాంతో తప్పించుకున్నట్టేనా?

అక్క: ఎక్కడ! యాంప్లిఫయర్ రెండో హార్మోనిక్, అంటే రెట్టింపు ఫ్రీక్వెన్సీలో వచ్చే దాని తోకసిగ్నల్, సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. అందుకే కొందరు కాయిల్‌ని 8 అంకెలా చుడతారు. బయటి అయస్కాంత క్షేత్రం వల్ల రెండు సున్నాల్లో పుట్టే వోల్టేజ్‌లు ఎదురెదురై చాలావరకు కొట్టుకుపోతాయి.